వీడ్కోలు పాటలో పాదాల చివర: ‘ఏ ఫాండ్ కిస్’ ఛందస్సు డైరీ

ఆదివారం

స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1791 డిసెంబరు 27న ఎడింబరోలో ఉన్న ఆగ్నెస్ మెక్లిహోజ్‌కి ఒక ఉత్తరం పంపాడు. అందులో ఉన్న 24 పాదాల పాటే ‘ఏ ఫాండ్ కిస్’. స్కాట్స్ మాండలికంలో ‘ఏ’ అంటే ‘ఒక్క’. ఒక్క ముద్దు, ఆ తర్వాత విడిపోవడం. మొదటి పాదమే విషయమంతా చెప్పేస్తుంది. మరి మిగతా 23 పాదాల్లో కవి ఏం చేశాడు, ఏ నడకలో చేశాడు, ఆ నడక గుండెను ఎందుకు పట్టుకుంటుంది అన్నది పాదం పాదం విప్పి చూడాలని చాలాకాలంగా కోరిక. ఈ డైరీ అందుకే.

నేపథ్యం కొంచెం చెప్పాలి. వాళ్లిద్దరికీ 1787 డిసెంబరులో ఎడింబరోలో పరిచయమైంది. ఆమెకు పెళ్లయింది, పిల్లలున్నారు. భర్తతో విడిపోయింది, అతను జమైకా వెళ్లిపోయాడు. పరిచయమైన కొద్ది రోజులకే బర్న్స్ మోకాలికి దెబ్బ తగిలి గదిలోనే ఉండిపోవాల్సి వచ్చింది. అప్పుడు మొదలైన ఉత్తరాల్లో అతను సిల్వాండర్, ఆమె క్లారిండా. నాలుగేళ్ల తర్వాత ఆమె భర్త దగ్గరికి ఓడలో వెళ్లాలని నిశ్చయించుకుంది. 1791 డిసెంబరు 6న వాళ్లు ఆఖరిసారి కలుసుకున్నారు. ఆ నెల చివర్లోనే ఈ పాట ఆమెకు చేరింది. 1792లో జేమ్స్ జాన్సన్ తెచ్చిన ‘స్కాట్స్ మ్యూజికల్ మ్యూజియం’ అనే పాటల సంకలనం నాలుగో సంపుటంలో అచ్చయింది.

నేను పెట్టుకున్న పనులు మూడు. పాదాలను గణాలుగా విడగొట్టడం, చివరి ప్రాసలన్నీ రాసుకోవడం, ఈ నడకకు దగ్గరగా తెలుగులో ఏ ఛందస్సు ఉందో వెతికి అందులో కొన్ని పాదాలైనా రాయడం. మూడోదే అసలు టెన్షన్.

సోమవారం రాత్రి: గణాలు

ఇంగ్లీషు ఛందస్సు ఊనిక మీద నడుస్తుంది. ఒక పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామో అది బలమైనది, మిగతావి తేలిక. మనది మాత్రల లెక్క. ‘ఫాండ్’ అన్నదాన్ని మన లెక్కలో చూస్తే గురువే, కానీ ఈ పాదంలో అది తేలిక స్థానంలో కూర్చుంది. ఈ తేడా మనసులో పెట్టుకునే గుర్తులు వేశాను. నొక్కి పలికేదాన్ని ‘గ’ అని, తేల్చి పలికేదాన్ని ‘ల’ అని రాసుకున్నాను.

ఏ ఫాండ్ | కిస్ అండ్ | దెన్ వీ | సెవర్
గల | గల | గల | గల

నాలుగు గలాలు, ఎనిమిది అక్షరాలు. బలంగా మొదలై తేలికగా వాలే ఇలాంటి జంటను ఇంగ్లీషు వాళ్లు ట్రోకీ అంటారు. ఇంగ్లీషు పద్యంలో ఎక్కువగా వినిపించేది దీనికి తలకిందుల నడక, తేలికగా మొదలై బలంగా ముగిసేది. బర్న్స్ ఇక్కడ దాన్ని ముట్టుకోలేదు. 24 పాదాలూ వరసగా చూశాను. ప్రతి పాదం నాలుగు గలాలే, ప్రతి పాదం ఎనిమిది అక్షరాలే. ఎక్కడ అక్షరం ఎక్కువయ్యేలా ఉంటే అక్కడ కుదించాడు. ‘నెవర్’ రెండక్షరాలు పట్టనిచోట ‘నేర్’ అన్నాడు. ‘లవ్డ్’ కూడా అలా ఒదిగినదే.

ఇంత కచ్చితమైన నడక పాడితే యంత్రంలా వినిపించాలి. వినిపించదు. ఎందుకో బల్ల మీద వేలితో తాళం వేసుకుంటూ పైకి చదివితే తెలిసింది. మొదటి మూడు అక్షరాలు, ‘ఏ ఫాండ్ కిస్’, మూడూ అర్థంలో బరువైనవే. లెక్క ప్రకారం ‘ఫాండ్’ తేలికగా పోవాలి, నాలుక మాత్రం దాన్ని వదలదు. అందుకే పాట మొదట్లోనే నడక ఆగి ఆగి సాగుతుంది, ‘అండ్ దెన్ వీ సెవర్’ దగ్గరికి వచ్చేసరికి జారిపోతుంది. ముద్దు దగ్గర ఆలస్యం, విడిపోవడం దగ్గర వేగం. గణాలు ఒక్కటే, కాలం ఒక్కటి కాదు.

మంగళవారం: చివరి ప్రాసలు

ఇవాళ కాగితం మీద జంటలన్నీ రాసుకున్నాను. రెండేసి పాదాలకు ఒక ప్రాస, మొత్తం పన్నెండు జంటలు.

మొదటి చరణం: సెవర్–ఎవర్, ప్లెడ్జ్ దీ–వేజ్ దీ, గ్రీవ్స్ హిమ్–లీవ్స్ హిమ్, లైట్స్ మీ–బినైట్స్ మీ.
రెండో చరణం: ఫాన్సీ–నాన్సీ, లవ్ హర్–ఎవర్, కైండ్లీ–బ్లైండ్లీ, పార్టెడ్–హార్టెడ్.
మూడో చరణం: ఫేరెస్ట్–డియరెస్ట్, ట్రెజర్–ప్లెజర్, మళ్లీ సెవర్–ఎవర్, మళ్లీ ప్లెడ్జ్ దీ–వేజ్ దీ.

ప్రతి ప్రాస రెండక్షరాలది. మొదటిది బలమైనది, రెండోది వాలిపోయేది. 24 పాదాల్లో ఒక్కటి కూడా గట్టి అక్షరం మీద ఆగదు. ఇంగ్లీషులో ఇలాంటి ప్రాసలు వరసగా తేవడం కష్టం, ఎక్కువైతే హాస్యంగా ధ్వనించే ప్రమాదమూ ఉంది. ఇక్కడ మాత్రం పాదం ముగిసిన ప్రతిసారీ గొంతు కిందికి దిగుతుంది.

తర్వాత కనిపించిన సంగతి నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. మొదటి చరణంలో సెవర్–ఎవర్ జంట తర్వాత వచ్చే చివరి అక్షరాలను నిలువుగా చదివాను: దీ, దీ, హిమ్, హిమ్, మీ, మీ. నిన్ను, నిన్ను, అతన్ని, అతన్ని, నన్ను, నన్ను. మొదట ఆమెతో మాట్లాడుతున్నాడు. తర్వాత, ఆశ అనే చుక్క మిగిలి ఉన్న ఎవరో అదృష్టవంతుడి మాట ఎత్తాడు. చివరికి తన దగ్గరికి వచ్చాడు. చరణం కథంతా ఆ సర్వనామాల్లోనే నడిచింది. పైగా అవన్నీ పాదంలో అన్నిటికన్నా బలహీనమైన చోట, ఊనిక దక్కని ఆఖరి అక్షరంలో ఉన్నాయి. ఊనికంతా క్రియకు పోయింది. బాధపెట్టడం, వదలడం, వెలిగించడం, చీకటి కమ్మడం బలంగా పలుకుతాయి. ఆ పనులు ఎవరి మీద జరుగుతున్నాయో ఆ మనుషులు మాత్రం గొంతు దిగిపోయే చోట ఉంటారు.

అందులో ఒక పాదం మరీ ప్రత్యేకం: ‘మీ, నే చీర్‌ఫు ట్వింకిల్ లైట్స్ మీ’. పాదం ‘నాకు’ అని బలంగా మొదలై, అదే ‘నాకు’ మీద నీరసంగా ముగుస్తుంది. ఎనిమిది అక్షరాల్లో ఒక మనిషి కుంగిపోవడం వినిపిస్తుంది.

బుధవారం: ‘హర్’ ఎక్కడ నిలబడింది

నిన్నటి గమనికతో రెండో చరణం మళ్లీ చదివాను. అక్కడ సర్వనామంతో ముగిసే పాదం ఒక్కటే ఉంది.

బట్ టు | సీ హర్ | వాజ్ టు | లవ్ హర్
లవ్ బట్ | హర్ అండ్ | లవ్ ఫర్ | ఎవర్

ఆమెను చూడటమంటే ప్రేమించడమే, ఆమెను మాత్రమే, ఎప్పటికీ అంటున్నాడు. మొదటి పాదంలో ‘హర్’ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తేలిక స్థానంలోనే. రెండో పాదంలో అదే ‘హర్’ రెండో గలానికి మొదటి అక్షరమై ఊనిక మొత్తం అందుకుంది. పాట అంతటిలో ‘హర్’కు ఇంత బలం దక్కింది ఇక్కడే. ‘ఆమెను మాత్రమే’ అనే మాట ఛందస్సే అనిపించేలా ఈ పాదం కట్టాడు. గణం ఒక్కటి కూడా మార్చకుండా, పదాల వరస కాస్త కదిపి ఈ పని చేశాడు. బర్న్స్‌ని నాగలి దున్నిన రైతు కవి అని మెచ్చుకుంటూనే, పనితనం సంగతి వచ్చేసరికి తేలిగ్గా తీసేసే అలవాటు ఒకటి ఉంది. ఈ రెండు పాదాలు చూశాక అది నాకు పూర్తిగా అన్యాయంగా కనిపిస్తోంది.

విచిత్రం ఏమిటంటే, ఈ జంటలో ప్రాస కాస్త సడలింది కూడా. ‘లవ్ హర్’కీ ‘ఎవర్’కీ అచ్చు కలవదు, ‘వ’కారమూ చివరి ‘అర్’ ధ్వనీ మాత్రం కలుస్తాయి. అయినా చెవికి లోటు తెలియదు. ఆ ‘ఎవర్’ ధ్వని పాటంతా పరుచుకుని ఉంది మరి. మొదటి జంట సెవర్–ఎవర్. ఈ సడలిన జంట వెంటనే వచ్చే మూడు పాదాల్లో ‘నెవర్’ నాలుగుసార్లు. ఆఖర్లో మళ్లీ సెవర్–ఎవర్. ఎప్పటికీ అన్న మాటా, ఎన్నడూ కాదన్న మాటా ఒకే ధ్వనిలో తిరుగుతుంటే, మధ్యలో ఒక ప్రాస అచ్చు తప్పినా చెవి దాన్ని ఆ గుంపులోనే కలిపేసుకుంటుంది.

‘నాన్సీ’ గురించి ఒక మాట. ఉత్తరాల్లో ఆమె క్లారిండా, పాటలో మాత్రం ఆగ్నెస్ ముద్దు పేరు నాన్సీ. ‘క్లారిండా’లో ఊనిక నడిమి అక్షరం మీద పడుతుంది, మూడక్షరాలు. ఒక్క గలంలో అది ఇమడదు. ‘నాన్సీ’ దానంతట అదే ఒక గలం. నాటకీయమైన మారుపేరు పోయి, ఇంట్లో పిలుచుకునే పేరు రావడం ఛందస్సుకీ కుదిరింది, వీడ్కోలుకీ కుదిరింది.

గురువారం: పాత పాటతో పోలిక

బర్న్స్‌కి ముందే రాబర్ట్ డాడ్స్లీ రాసిన ‘ద పార్టింగ్ కిస్’ అనే చిన్న కవిత ఉంది. బర్న్స్ పాటకు అది మూలమని పండితులు చెబుతారు. ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను.

డాడ్స్లీ మొదటి పాదం ‘... కిస్ బిఫోర్ వీ పార్ట్’ అని ముగుస్తుంది. అతనిదీ గలాల నడకే, కానీ ఆఖరి గలంలో ‘ల’ లేదు. ఏడక్షరాలు, చివరిది గట్టిది. ప్రాస ఒక పాదం విడిచి ఒక పాదానికి. మొదటి పాదం ‘పార్ట్’, మూడో పాదం ‘హార్ట్’. ఆ చివర్లు తలుపు వేసినట్టు టక్కుమని మూసుకుంటాయి.

బర్న్స్ ఆ ‘పార్ట్–హార్ట్’ జంటను వదులుకోలేదు. రెండో చరణం చివర ‘పార్టెడ్–హార్టెడ్’ అని వాడుకున్నాడు. ఒక్కో తేలిక అక్షరం తగిలించి, పక్కపక్క పాదాల్లో పెట్టాడు. ఆ ఒక్క అక్షరంతో గట్టిగా మూసుకునే చివర కాస్తా వాలిపోయే చివర అయింది. నాకైతే ఈ పాటలో అసలు కొత్తదనం ఇదే అనిపిస్తోంది. డాడ్స్లీ ప్రేమికుడు మళ్లీ కలిసేదాకా ఎదురుచూస్తానంటాడు. బర్న్స్‌కి ఆ ‘మళ్లీ’ లేదు. అందుకే అతని పాదాలు గట్టిగా ముగియవు.

ఆ జంట ఉన్న నాలుగు పాదాలూ, ‘హాడ్ వీ నెవర్ లవ్డ్ సే కైండ్లీ’ నుంచి ‘బ్రోకెన్ హార్టెడ్’ దాకా, అందరికీ ఎక్కువగా తెలిసినవి. ఇంగ్లీషు కవి బైరన్ 1813లో తన ‘ద బ్రైడ్ ఆఫ్ అబైడోస్’ కావ్యానికి ముందు వాటినే పెట్టుకున్నాడు. వెయ్యి ప్రేమకథల సారం ఆ నాలుగు పాదాల్లో ఉందని స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ అన్నాడు. నిర్మాణం చూస్తే, మూడు పాదాల నిండా ‘అలా జరగకపోయి ఉంటే’ అనే షరతులే. వాక్యం పూర్తికాదు, ఊపిరి నిలబడదు. నాలుగో పాదంలో గానీ క్రియ వచ్చి వాక్యం తీరదు. అప్పుడు వచ్చేది ‘గుండె పగలకపోయేది’ అన్న మాట. జంట ప్రాసలు రెండేసి పాదాలకు ఆగమంటుంటే, వాక్యం మాత్రం నాలుగు పాదాల దాకా ఆగనంటుంది. ఆ పెనుగులాటే ఈ నాలుగు పాదాల బలం.

శనివారం: మాస్టారికి ఫోన్

మూడో పని మొదలుపెట్టాను. గేయంలా రాయాలా, ద్విపదలో రాయాలా అని తేల్చుకోలేక, చిన్నప్పుడు నాకు ఛందస్సు చెప్పిన మాస్టారికి ఫోన్ చేశాను. నాలుగు పాదాలు చదివి వినిపించాను.

“ఏమ్మా, పాదానికి నాలుగు గలాలు, రెండేసి పాదాలకు చివర ప్రాస. ఇంకేం కావాలి నీకు? హయప్రచార రగడ కాదూ అది?” అన్నారు.

“యతి, ఆది ప్రాస వాళ్లకు లేవు కదండీ మాస్టారూ.”

“వాళ్లకు లేకపోతే పోనీ. నువ్వు తెలుగులో రాస్తున్నావు, నువ్వు పెట్టు.”

నిజమే. హయప్రచార రగడలో పాదానికి నాలుగు మూడుమాత్రల గణాలు. గలం కావచ్చు, మూడు లఘువులు కావచ్చు. మూడో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. రెండేసి పాదాలకు ఆది ప్రాస, అంత్యప్రాస. మన పద్యాల్లో చాలావాటికి రెండో అక్షరానికి ప్రాస తప్పనిసరి, చివర ప్రాస అరుదు. రగడలో రెండూ కావాలి.

ఫోన్ పెట్టేశాక ఆ కళ్లతో ఇంగ్లీషు పాదాలు మళ్లీ చూస్తే, యతి స్థానం తగిలిన పాదాలు మూడు కనిపించాయి.

లవ్ బట్ | హర్ అండ్ | లవ్ ఫర్ | ఎవర్
నెవర్ | మెట్ ఆర్ | నెవర్ | పార్టెడ్
ఫేర్ దీ | వీల్ దౌ | ఫస్ట్ అండ్ | ఫేరెస్ట్

మూడింటిలోనూ మొదటి గణం తొలి హల్లే మూడో గణంలో మళ్లీ వచ్చింది. ఇది బర్న్స్ అనుకుని చేసింది కాదు. మొదటి రెండింటిలో ఒకే మాటను రెండుసార్లు వాడటం వల్ల, మూడోదాంట్లో ‘ఫ’ధ్వని వరసగా పేర్చడం వల్ల అలా కుదిరింది. కానీ పాదాన్ని సరిగ్గా సగానికి విరిచి, రెండో సగాన్ని మొదటి సగంతో కట్టాలన్న చెవి ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుందేమో. ఆ మూడు పాదాలూ పాటలో బాగా గుర్తుండిపోయేవే.

ఆదివారం: తెలుగులో

పొద్దున్నుంచి రాస్తూ కొట్టేస్తూ ఉన్నాను. మొదటి జంట ఇలా నిలబడింది:

ఒక్క ముద్దు, ఒంటి దారి;
ఒక్క సెలవు, ఒక్క సారి.

యతి ‘ఒ’కు ‘ఒ’. ఆది ప్రాస ‘క్క’. అంత్యప్రాస ‘ఆరి’. ‘దారి’, ‘సారి’ రెండూ గలాలే, కాబట్టి పాదం చివర వాలడం కూడా దక్కింది. సంధి చేస్తే ‘ముద్దొంటి’ అవుతుంది, నడక చెడుతుంది. అక్కడ ఊపిరి ఆగే విరామం ఉంది గనుక విడిగానే ఉంచాను. మాస్టారు దీనికి ఒప్పుకోకపోవచ్చు. ‘ఎప్పటికీ’ అన్న మాటను వదిలేశాను. ఆఖరి సెలవు ఒక్కసారే ఉంటుంది గనుక ఆ అర్థం లోపలే ఉంది.

తర్వాత ‘మీ’తో మొదలై ‘మీ’తో ముగిసే జంట:

నాకు చుక్క నవ్వలేదు;
చీకటైన చెరగలేదు.

యతి ‘నా–న’, ‘చీ–చె’. ప్రాస ‘క’. ఇక్కడ ఒకటి పోయింది. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ‘నాకు’ను పాదం చివరికి నెడితే మాట ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే ‘నాకు’ మొదట్లోనే నిలిచింది, చివర్లో ‘లేదు’ వాలింది. బర్న్స్ పాటలో గొంతు దిగిపోయే చోట మనిషి ఉంటే, తెలుగులో ఆ చోట లేకపోవడం ఉంది. పోయినదానికి బదులు దొరికింది కూడా తక్కువది కాదనే నా నమ్మకం.

‘నెవర్’ పాదాలకు:

ఇంత వలపు ఎరుగకున్న,
సుంత కూడ చూడకున్న,

‘ఇ–ఎ’ యతి చెల్లుతుంది, ‘సు–చూ’ కూడా చెల్లుతుంది. ‘కున్న’, ‘కున్న’ అని రెండుసార్లు వాలడం ‘నెవర్, నెవర్’కు దగ్గరగా వచ్చింది. వాక్యం కూడా తీరకుండా ముందుకు చూస్తోంది. తర్వాతి జంట:

పదము కలిపి పాయకున్న,
ఎదలు రెండు ఏల విరుగు?

ఇందులో యతి ఉంది, ఆది ప్రాస ‘ద’ ఉంది, అంత్యప్రాస లేదు. చివర ‘కున్న’తో కలిసే మాట తెస్తే ప్రశ్న బలం పోతోంది. ‘విరుగు’ ఉంచి పై పాదాన్ని మారిస్తే ‘కున్న’ వరస తెగిపోతోంది. మూడు షరతులు, ఒక జవాబు అన్న కట్టడం నాకు ముఖ్యం. బర్న్స్ ఆ వరసను ‘పార్టెడ్–హార్టెడ్’తో ప్రాస చెడకుండా తీర్చాడు కాబట్టి నేనూ సడలించదలచుకోలేదు.

సోమవారం

మూడో చరణం మీద కాసేపు కూర్చున్నాను. ఇందులో చివరి నాలుగు పాదాలు మొదటి నాలుగు పాదాలే, చిన్న మార్పుతో. మొదట ‘ఏ ఫేర్‌వీల్, అండ్ దెన్ ఫర్ ఎవర్’ అన్నది, చివర్లో ‘ఏ ఫేర్‌వీల్, అలాస్, ఫర్ ఎవర్’ అయింది. కొన్ని ముద్రణల్లో మొదటి చరణంలోనే ‘అలాస్’ కనిపిస్తుంది. రెండు చోట్లా వేర్వేరుగా ఉన్న పాఠమే నాకు నచ్చింది. ‘అండ్ దెన్’ ఉన్న గణస్థానంలోనే ‘అలాస్’ సరిగ్గా కూర్చుంది. ఒక్క అక్షరం పెరగలేదు, తరగలేదు. మొదట జరగబోయేదాన్ని వరసగా చెప్పినవాడు, చివర్లో అయ్యో అంటున్నాడు.

ఈ తేడాను తెలుగులో ఎలా తేవాలో ఇవాళ దొరికింది. ‘ఒక్క సెలవు, ఒక్క సారి’ రెండోసారి వచ్చేటప్పుడు ‘ఒక్క సెలవు, ఓయి, సారి’ అని పెడితే గణం, యతి రెండూ నిలుస్తాయి, కానీ అర్థం తేలిపోతుంది. ‘ఓ’కారంతోనే మొదలై మూడు మాత్రల్లో నిట్టూర్పు వినిపించే మాట వెతకాలి.

ఆగ్నెస్ 1792లో జమైకా వెళ్లింది, భర్త దగ్గర చోటు లేక అదే ఏడాది తిరిగొచ్చింది. బర్న్స్ 1796లో పోయాడు. ఆమె 1841 దాకా బతికింది. 1831 డిసెంబరు 6న తన దినచర్యలో, ఈ రోజును ఎన్నటికీ మరవలేనని, 1791లో బర్న్స్‌ను వీడినది ఈ రోజేనని రాసుకుంది.

రేపటి పని: ‘పాయకున్న’ జంటకు అంత్యప్రాస. మాస్టారికి మళ్లీ ఫోన్ చేసే ముందు కనీసం రెండు పాఠాలు సిద్ధంగా ఉండాలి.